ఆగిన గంటలకు కూలి ఎవరిస్తారు?

దూరప్రయాణపు లారీ డ్రైవరు సంపాదన గురించి మాట ఎప్పుడు వచ్చినా, ముందుగా వినిపించే ప్రశ్న కిలోమీటరుకు ఎంత ఇస్తున్నారన్నదే. ఉద్యోగ ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేసేదీ ఆ అంకెనే, ఒక సంస్థను వదిలి మరో సంస్థకు వెళ్లేటప్పుడు డ్రైవర్లు పోల్చి చూసుకునేదీ ఆ అంకెనే. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ట్రిప్పు లెక్కలు చూసే పనిలో చాలా కాలంగా ఉన్నందువల్ల, ఆ అంకె చెప్పే దానికంటే దాచేదే ఎక్కువని నాకు గట్టి నమ్మకం. ఆ కిలోమీటర్లు తిరగడానికి మనిషి ఎన్ని గంటలు బండికి కట్టుబడి ఉన్నాడు, అందులో ఎన్ని గంటలకు ఎవరూ పైసా కట్టలేదు అన్న లెక్క తీస్తేనే అతడి అసలు కూలి ఎంతో తెలుస్తుంది. ఈ వృత్తిలో రేటు తక్కువన్న మాట నిజమే, కానీ అంతకంటే పెద్ద అన్యాయం ఒకటుంది. పనిచేసిన కాలంలో పెద్ద భాగం అసలు పనిగానే లెక్కకు రావడం లేదు.

మా బల్లల మీదికి వచ్చే ట్రిప్ షీటులో బయలుదేరినప్పటి మీటరు రీడింగు, చేరినప్పటి రీడింగు, పోయించిన డీజిల్, కట్టిన టోల్, సరుకు అందినట్లు సంతకం పడిన రసీదు నంబరు ఉంటాయి. ఈ గళ్లన్నీ బండి గురించీ సరుకు గురించీ చెప్పేవే తప్ప మనిషి గురించి చెప్పేది ఒక్కటీ లేదు. ఒక మామూలు ట్రిప్పునే తీసుకుందాం. డ్రైవరు తెల్లవారకముందే బయలుదేరి, ఇచ్చిన సమయం ప్రకారం ఉదయం 7 గంటలకు గోదాము గేటు దగ్గర బండి పెట్టాడు. కాగితాలు తీసుకుని, పిలిచేదాకా ఆగమన్నారు. ముందున్న బండ్లు ఒక్కొక్కటిగా లోపలికి పోతుంటే అతడూ కొద్దికొద్దిగా ముందుకు జరుపుకుంటూ వచ్చాడు. మధ్యాహ్నం 1 గంటకు డాకు, అంటే బండి పెట్టి సరుకు దించుకునే చోటు, ఇచ్చారు. సరుకు దించడం 3 గంటలకు పూర్తయింది. పెట్టెల లెక్క సరిచూసి, రెండు పెట్టెలు నలిగాయని వాదించి, చివరకు రసీదు మీద సంతకం పెట్టేసరికి 4 అయింది. ఆ 9 గంటల్లో మీటరు అర కిలోమీటరు కూడా తిరగలేదు. కిలోమీటరు లెక్కన కూలి తీసుకునే మనిషికి ఆ పగలంతా లేనట్టే. "నేను పనిచేస్తే కాదు సార్, బండి కదిలితేనే జీతం" అని ఒక డ్రైవరు నా ఎదుట కూర్చుని అన్నప్పుడు, ఆ మాటకు లెక్కల పుస్తకంలో నాకు జవాబు దొరకలేదు.

ఆగి ఉన్న సమయం విశ్రాంతే కదా అనేవాళ్లు చాలామంది ఉన్నారు, ముఖ్యంగా గోదాముల నిర్వాహకులు. ఆ మాట నేను ఒప్పుకోను. వరుసలో ఉన్న డ్రైవరు పడుకోలేడు, ఎందుకంటే పిలుపు ఎప్పుడు వస్తుందో తెలియదు, పిలిచినప్పుడు పలకకపోతే వరుస పోతుంది. బండి వదిలి దూరం వెళ్లలేడు, ఎందుకంటే సరుకు బాధ్యత సంతకం పడేదాకా అతడిదే. ఇంజను ఆన్‌లో పెట్టుకుని ఏసీయో హీటరో వేసుకుంటే కాలిన డీజిల్‌కు సంజాయిషీ చెప్పాలి. చాలా గోదాముల్లో లోపలి మరుగుదొడ్డి సిబ్బందికి మాత్రమే అని బోర్డు ఉంటుంది. మగవాళ్లు ఎలాగో నెట్టుకొస్తారు. ఆడవాళ్లు ఈ వృత్తిలోకి రాకపోవడానికి కారణాలు వెతికేవాళ్లు ముందు ఆ బోర్డు దగ్గర నిలబడి చూడాలి. ఎక్కడికీ కదలకూడదు, నిద్రపోకూడదు, కనిపెట్టుకుని ఉండాలి అని ఒకరు చెప్పగా మరొకరు పాటించే సమయాన్ని ఏ కార్ఖానాలోనైనా డ్యూటీ అనే అంటారు.

పని గంటలకు చట్టాలు లేవా అంటే, చాలానే ఉన్నాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1979లోనే రోడ్డు రవాణా పని గంటల మీద 153వ నంబరు ఒడంబడికను ఆమోదించింది. విరామం లేకుండా 4 గంటలకు మించి నడపకూడదని, రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలకు మించి స్టీరింగ్ పట్టకూడదని, రోజుకు కనీసం 10 గంటల ఎడతెగని విశ్రాంతి ఉండాలని అది చెప్పింది. దాన్ని తమకు వర్తింపజేసుకున్న దేశాలు బహు కొద్ది. ఐరోపా సమాఖ్య 2006లో చేసిన 561వ నంబరు నిబంధన ప్రకారం నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాల విరామం తప్పనిసరి, రోజుకు 9 గంటలు, వారానికి 56 గంటలు, రెండు వారాలు కలిపి 90 గంటలు గరిష్ఠ పరిమితి. మన దేశంలో 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని ఎప్పుడో రాసిపెట్టింది. అయితే అది కనీసం ఐదుగురు కార్మికులున్న సంస్థలకే వర్తించేలా రాసిన చట్టం కాబట్టి, ఒకటి రెండు బండ్లున్న ఓనర్ల దగ్గర పనిచేసే లెక్కలేనంతమంది దాని నీడ కూడా చూడలేదు.

ఈ చట్టాల్లో అమెరికాది ప్రత్యేకంగా చూడాలి, ఎందుకంటే గంటల నియమమూ కిలోమీటరు కూలీ ఎలా ఢీకొంటాయో అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. 10 గంటల విశ్రాంతి తరువాత పని మొదలుపెట్టిన డ్రైవరుకు 14 గంటల గడువు మొదలవుతుంది. ఆ గడువులోపల 11 గంటలు మాత్రమే నడపవచ్చు. 8 గంటలు నడిపాక అరగంట విరామం తీసుకోవాలి. ఆ 11 గంటలూ నడపాలంటే మిగిలిన కొద్ది సమయంలోనే బండి తనిఖీ, డీజిల్, కాగితాలు, ఎక్కించడం, దించడం అన్నీ ముగియాలి. గోదాములో 5 గంటలు పోయాయనుకోండి, 14లో మిగిలేవి 9. విరామం, తనిఖీ తీసేస్తే నడపడానికి 8 గంటల పైచిలుకు దక్కుతుంది. అంటే ఆ డ్రైవరు రెండుసార్లు నష్టపోయాడు. ఆగిన 5 గంటలకు కూలి లేదు, ఆగినందువల్ల నడపలేకపోయిన రెండు మూడు గంటల దూరానికీ కూలి లేదు. విశ్రాంతిని రెండు భాగాలుగా విడగొట్టుకునే వెసులుబాటును 2020లో కొంత పెంచిన మాట నిజమే. కానీ దాన్ని వాడుకోవాలంటే ఎంతసేపు ఆగాల్సి వస్తుందో ముందే తెలియాలి, తెలియకపోవడమే అసలు జబ్బు.

2017 డిసెంబరు నుంచి అక్కడ చాలావరకు లారీల్లో పని గంటలను తనంతట తానే నమోదు చేసే ఎలక్ట్రానిక్ పరికరం తప్పనిసరి అయింది. అంతకుముందు కాగితం మీద గంటలు అటూ ఇటూ జరిపి రాసుకునేవారు. నిద్రలేని మనిషి చేతిలో స్టీరింగ్ ఉండకూడదు కాబట్టి ఆ పరికరాన్ని నేను పూర్తిగా సమర్థిస్తాను. అయితే బిగించింది ఒక్క డ్రైవరు గడియారాన్నే. గోదాము గడియారం మునుపటిలాగే వదులుగా ఉంది, కూలి లెక్క మునుపటిలాగే దూరానికి ముడిపడి ఉంది. ఒక వైపు గంటలు కోసి, మరో వైపు గంటలకు వెల కట్టకుండా వదిలేస్తే, పోయిన సంపాదనను రాబట్టుకోవడానికి మనిషికి మిగిలేది వేగం ఒక్కటే.

ఇది నా ఊహ కాదు. అమెరికా రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం 2018 జనవరిలో ఇచ్చిన నివేదిక, ఎక్కించే దించే చోట బండి నిలిచే సగటు సమయం 15 నిమిషాలు పెరిగితే ప్రమాదాల రేటు 6.2 శాతం పెరుగుతుందని అంచనా కట్టింది. ఈ ఆగిపోవడాల వల్ల డ్రైవర్లు ఏడాదికి మొత్తం మీద 110 కోట్ల నుంచి 130 కోట్ల డాలర్ల వరకు సంపాదన పోగొట్టుకుంటున్నారని కూడా అదే నివేదిక లెక్క వేసింది. డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆర్థికశాస్త్రం బోధించిన మైకేల్ బెల్జర్, ఒకప్పుడు తానూ లారీ నడిపినవాడు, దశాబ్దాలుగా చెబుతున్నదీ ఇదే. కూలి పెరిగిన చోట ప్రమాదాలు తగ్గుతాయి, ఆగిన సమయానికి కూలి ఇచ్చిన చోట ఇంకా తగ్గుతాయి. రోడ్డు భద్రత అంటే బ్రేకులు, హెల్మెట్లు, స్పీడు కెమెరాలే గుర్తొచ్చే మనకు, డ్రైవరు జీతం చీటీ కూడా భద్రతా పరికరమే అన్న ఆలోచన ఇంకా అలవాటు కావలసి ఉంది.

ఆగితే హాల్టింగ్ డబ్బు ఉంటుంది కదా అని ఈ రంగంలో ఉన్నవాళ్లు అడగవచ్చు. ఉంటుంది, కాగితం మీద. చాలా ఒప్పందాల్లో మొదటి రెండు గంటలు ఉచితం, ఆ తరువాత గంటకింత అని రాసుకుంటారు. ఆ రెండు గంటలు ఎవరి తరఫున ఉచితంగా ఇచ్చారో ఆలోచించండి. ఒప్పందం సరుకు పంపేవాడికీ ట్రాన్స్‌పోర్టు వాడికీ మధ్య జరిగితే, ఉచితంగా పోయినవి మాత్రం డ్రైవరు గంటలు. ఆ పైన వచ్చే హాల్టింగ్ అయినా రావాలంటే, బండి గేటుకు ఎప్పుడు వచ్చిందో రుజువు కావాలి. నేను బిల్లులు పంపే ఒక పెద్ద గోదాములో గేటు మనిషి కాగితం మీద వచ్చిన సమయం వేయడు. డాకు ఇచ్చినప్పుడు మాత్రమే వేస్తాడు, అలా వేయమని పైనుంచి చెప్పారట. ఉదయం 7కి వచ్చిన బండి కాగితంలో మధ్యాహ్నం 1కి వచ్చినట్టు కనబడుతుంది, 3 గంటలకు దించేశారు కాబట్టి రెండు గంటలు దాటలేదు, బిల్లు తిరిగొస్తుంది. మా దగ్గర బండిలో అమర్చిన జీపీఎస్ రికార్డు ఉంటుంది, పంపుతాం. ఆ రికార్డు తమ ఒప్పందంలో లేదని జవాబు వస్తుంది. ఎక్కువ పట్టుబడితే లోడ్లు వేరేవాళ్లకు పోతాయని మా వాళ్లు ఊరుకుంటారు. ఇంత చేసి ఒకవేళ ఆ డబ్బు వచ్చినా, అందులో డ్రైవరు వాటా ఎంత అన్నది మళ్లీ ఓనరు దయ. మధ్యలో ఇద్దరు ముగ్గురు బ్రోకర్లు ఉంటే ఆ డబ్బు దారిలోనే ఇంకిపోతుంది.

కిలోమీటరు కూలి దానంతట అది పుట్టింది కాదు, దాని వెనక చట్టం చేయి ఉంది. అమెరికాలో 1938లో వచ్చిన న్యాయమైన కార్మిక ప్రమాణాల చట్టం వారానికి 40 గంటలు దాటిన పనికి ఒకటిన్నర రెట్లు కూలి ఇవ్వాలన్న నియమానికి దారి వేసింది. కానీ రాష్ట్రాల సరిహద్దులు దాటే లారీల డ్రైవర్లను అందులోంచి మినహాయించింది, ఆ మినహాయింపు ఇప్పటికీ ఉంది. అప్పట్లో సంఘాలు బలంగా ఉండి, రేట్లను ప్రభుత్వం నియంత్రిస్తూ ఉండటం వల్ల ఆ లోటు అంతగా తెలియలేదు. 1980లో మోటారు క్యారియర్ చట్టం ఆ నియంత్రణను సడలించాక కొత్త సంస్థలు పుట్టగొడుగుల్లా వచ్చాయి, కిరాయిలు పడిపోయాయి, సంఘాలు బలహీనపడ్డాయి. పోటీలో పడిపోయిన ప్రతి పైసా ఎవరి జేబులోంచి పోయిందో చెప్పనక్కర్లేదు. డీజిల్ ధర తగ్గించుకోలేరు, టైర్ల ధర తగ్గించుకోలేరు, తగ్గించుకోగలిగింది మనిషి ఖర్చు ఒక్కటే.

ఐరోపా ఈ విషయంలో ఒక మంచి మాట చట్టంలో రాసుకుంది. నేను పైన చెప్పిన 2006 నిబంధనలోని 10వ అధికరణం, రోడ్డు భద్రతకు ముప్పు తెచ్చే విధంగా తిరిగిన దూరాన్ని బట్టి గానీ మోసిన సరుకును బట్టి గానీ డ్రైవరుకు డబ్బు ఇవ్వకూడదని, బోనస్ రూపంలో కూడా ఇవ్వకూడదని అంటుంది. ఇది చదివినప్పుడు నాకు ఎంతో సంతోషమేసింది, ఎందుకంటే కూలి లెక్కకూ ప్రమాదానికీ ఉన్న సంబంధాన్ని ఒక చట్టం నేరుగా ఒప్పుకుంది. అయితే అక్కడ దోపిడీ వేరే దారి వెతుక్కుంది. కూలి తక్కువగా ఉన్న దేశంలో సంస్థను నమోదు చేసి, ఇంకా దూరపు దేశాల నుంచి డ్రైవర్లను తెచ్చి, జీతం కనిష్ఠంగా చూపి మిగతాది రోజుబత్తాగా ఇస్తారు. బత్తా జీతం కాదు కాబట్టి జబ్బు చేసినప్పుడు అది రాదు, పింఛను లెక్కలోకి రాదు. ఆ ఇచ్చేదాంట్లోనూ ఏదో ఒక వంకతో కోతలు పెడతారు.

2023లో జర్మనీలోని డార్మ్‌స్టాట్ నగరం దగ్గర, గ్రాఫెన్‌హౌజెన్ అనే హైవే విశ్రాంతి స్థలంలో జరిగింది ఈ కథంతటికీ అద్దం పట్టింది. పోలండుకు చెందిన సంస్థల లారీలు నడిపే డ్రైవర్లు, ఎక్కువమంది జార్జియా, ఉజ్బెకిస్తాన్ దేశాలవారు, తమకు రావలసిన కూలి రాలేదని బండ్లు ఆపేసి అక్కడే కూర్చున్నారు. వాళ్లకు ఆ దేశంలో ఇల్లు లేదు, సంఘం లేదు, భాష రాదు. చేతిలో ఉన్నది బండి తాళమూ అందులోని సరుకూ మాత్రమే. ఏప్రిల్‌లో గుడ్ ఫ్రైడే రోజున సంస్థ యజమాని బండ్లను లాక్కుపోవడానికి కాపలా మనుషుల దండును వెంటబెట్టుకుని వచ్చాడు, జర్మన్ పోలీసులు అడ్డుకున్నారు. వారాల తరబడి బండ్లలోనే ఉండి చివరకు బకాయిలు రాబట్టుకున్నారు. అదే వేసవిలో మరింతమంది అదే చోట మళ్లీ ఆగవలసి వచ్చింది, సెప్టెంబరులో కొందరు నిరాహారదీక్షకు కూడా దిగారు. రోడ్డు మీద ఒంటరిగా బతికే మనుషులు ఒకచోట చేరితే ఎంత బలమో అక్కడ తెలిసింది. చేసిన పనికి కూలి అడగడానికి అన్నం మానేయవలసి రావడం ఆ బలానికి గొప్ప కాదు, ఆ సరుకు ఎక్కించిన పెద్ద పెద్ద సంస్థలకు సిగ్గు.

ఇల్లు లేకపోవడం అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. దూరం నడిపే మనిషికి క్యాబిన్ పనిచేసే చోటూ అదే, పడుకునే చోటూ అదే, తినే చోటూ అదే. రాత్రి విశ్రాంతి క్యాబిన్‌లో సరే, వారం విశ్రాంతి కూడా అందులోనేనా? ఐరోపా న్యాయస్థానం 2017 డిసెంబరులో కాదని తీర్పు చెప్పింది, 2020లో ఆ మాటను చట్టంలోనే చేర్చారు. 45 గంటల వారపు విశ్రాంతి బండి బయట, సరైన వసతిలో, యజమాని ఖర్చుతో జరగాలి. తీర్పు బాగుంది, కానీ వసతి ఉన్న సురక్షితమైన పార్కింగులు కావలసినన్ని లేవు. అమెరికాలో 2009లో ఒక డ్రైవరు సరుకు దించవలసిన చోటుకు చెప్పిన సమయం కంటే ముందే చేరాడు. లోపలికి రానీయలేదు. మరో చోటు లేక మూతబడిన పెట్రోలు బంకు దగ్గర బండి ఆపి పడుకున్నాడు. అక్కడ అతడిని దోపిడీకి వచ్చినవాడు కాల్చి చంపాడు, దొరికింది 7 డాలర్లు. అతడి భార్య చేసిన పోరాటం వల్ల 2012లో పార్కింగుల కోసం అతడి పేరుతోనే ఒక చట్టం వచ్చింది. ఆ రాత్రి గేటు తెరిచి ఒక మూల చోటు ఇచ్చి ఉంటే ఆ చట్టం అవసరమే వచ్చేది కాదు.

ఒంటి సంగతి కూడా ఇందులోనిదే. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ 2010లో దూరప్రయాణపు డ్రైవర్ల మీద చేసిన సర్వేలో 69 శాతం మందికి స్థూలకాయం, 51 శాతం మందికి పొగతాగే అలవాటు ఉన్నట్టు తేలింది. ఇవి అలవాట్ల దోషాలని కొట్టిపారేయడం తేలిక. కూర్చున్న చోటి నుంచి లేవని పని, వేళకు దొరకని తిండి, విరిగిన నిద్ర, రోజూ మారిపోయే పడక వేళలు కలిస్తే ఏ ఒళ్లయినా అలాగే అవుతుంది.

బండి సొంతమైతే కష్టాలు తీరతాయన్న ఆశ ఈ వృత్తిలో చాలామందిని నడిపిస్తుంది, ఆ ఆశ మీద కూడా వ్యాపారం నడుస్తోంది. సంస్థే బండి ఇస్తుంది, వారం వారం కిస్తీ కోస్తుంది, డీజిల్, బీమా, మరమ్మతు అన్నీ డ్రైవరు లెక్కలోనే రాస్తుంది, లోడ్లు మాత్రం తాను ఇచ్చినవే వేయాలంటుంది. పేరుకు అతడు స్వతంత్ర వ్యాపారి, కాబట్టి కనీస వేతనం, సెలవులు, బీమా ఏవీ వర్తించవు. లోడ్లు తగ్గిన వారం కిస్తీ కట్టాక చేతికి సున్నా రావచ్చు, కొన్నిసార్లు బాకీయే మిగులుతుంది. మధ్యలో వదిలేస్తే అప్పటిదాకా కట్టిందంతా పోయి, బండి మరొకరి చేతికి వెళుతుంది. ఇలాంటి పథకాలను పరిశీలించడానికి అమెరికా ప్రభుత్వం వేసిన కమిటీ 2025 జనవరిలో వాటిని నిషేధించడమే మంచిదని సిఫారసు చేసింది. అలాంటి లెక్క చీటీ ఒక్కటి చూసినవాళ్లెవరికైనా ఆ సిఫారసు ఆశ్చర్యం కలిగించదు.

డ్రైవర్లు దొరకడం లేదన్న మాట ఇప్పుడు ప్రతి దేశంలోనూ వింటున్నాం. అమెరికాలో పెద్ద ట్రక్కు సంస్థల్లో 1995 నుంచి 2017 వరకు డ్రైవర్లు వదిలిపోయే రేటు ఏడాదికి సగటున 94 శాతం ఉందని స్టీఫెన్ బర్క్స్, క్రిస్టెన్ మొనాకో అనే ఆర్థికవేత్తలు 2019లో రాశారు. అంటే వంద సీట్లున్న సంస్థ ఏటా దాదాపు వందమందిని కొత్తగా తెచ్చుకుంటోంది. లైసెన్సు ఉన్న మనుషులు లేకపోవడం వల్ల వచ్చే సమస్య ఇలా ఉండదు. వచ్చినవాళ్లు చూసి, లెక్క వేసుకుని, వెళ్లిపోతున్నారు. మా ఆఫీసులోనూ వెళ్లిపోయేవాళ్లను కారణం అడిగితే రేటు గురించి చెప్పేవాళ్లు తక్కువ. ఇంటికి ఎప్పుడు వెళతామో తెలియదు, ఎక్కడ ఎంతసేపు ఆపుతారో తెలియదు అనే చెబుతారు.

దారి లేదా అంటే ఉంది, కొన్ని దేశాలు నడిచి చూశాయి కూడా. దక్షిణ కొరియా 2020 నుంచి 2022 చివరి వరకు కంటైనర్లు, సిమెంటు మోసే బండ్లకు భద్రమైన కిరాయి అన్న పద్ధతిని అమలు చేసింది. ఖర్చులూ గంటలూ లెక్క వేసి కనీస కిరాయిని నిర్ణయించడం, అంతకంటే తక్కువ ఇస్తే సరుకు పంపేవాడికి కూడా జరిమానా వేయడం అందులోని ప్రాణం. అది ఆగిపోకూడదని డ్రైవర్లు 2022లో జూన్‌లో ఒకసారి, నవంబరులో మరోసారి సమ్మె చేశారు. ప్రభుత్వం పనిలోకి రమ్మని ఆజ్ఞలు జారీ చేసి సమ్మెను అణచింది, పద్ధతి ముగిసిపోయింది. 2025లో అక్కడి పార్లమెంటు దాన్ని మూడేళ్ల పాటు మళ్లీ తేవడానికి ఆమోదం తెలిపింది. ఆస్ట్రేలియాలో ఇదే ఉద్దేశంతో 2012లో పెట్టిన ట్రిబ్యునల్‌ను 2016లో రద్దు చేశారు, 2024లో రవాణా డ్రైవర్లకు కనీస ప్రమాణాలు నిర్ణయించే అధికారాన్ని వేరే సంస్థకు ఇచ్చారు. ఎక్కడ చూసినా ఒకటే కనిపిస్తుంది. పెట్టడం, తీసేయడం, మళ్లీ పెట్టడం. సరుకు పంపేవాళ్ల పలుకుబడి ఎంతటిదో దీన్నిబట్టే తెలుస్తుంది.

నాకు ఎక్కువ నచ్చినవి మాత్రం గేటు దగ్గర పనిచేసే నియమాలు. స్పెయిన్ 2022లో ఉచితంగా ఆపే సమయాన్ని రెండు గంటల నుంచి ఒక గంటకు తగ్గించింది, పెద్ద లారీల డ్రైవర్ల చేత సరుకు ఎక్కించే దించే పని చేయించడాన్ని కొన్ని మినహాయింపులతో నిషేధించింది. జపాన్ పెద్ద బండ్లు సరుకు కోసం 30 నిమిషాలు దాటి ఆగితే ఆ సమయాన్ని నమోదు చేయాలని 2017లోనే ఆదేశించింది. 2024 ఏప్రిల్ నుంచి డ్రైవర్ల ఓవర్‌టైమ్‌ను ఏడాదికి 960 గంటలకు పరిమితం చేసింది. ఆ పరిమితి వస్తోందని తెలిసి, ఆగడం, ఎక్కించడం, దించడం మొత్తం రెండు గంటల్లో ముగించాలని సరుకు యజమానులకు ముందుగానే మార్గదర్శకాలు ఇచ్చింది. డ్రైవరు గంటలు బిగించేటప్పుడు గోదాము గంటలను కూడా పట్టించుకోవాలన్న ఇంగితం ఇందులో ఉంది.

ఇలా చేస్తే సరుకుల ధరలు పెరుగుతాయని అభ్యంతరం చెప్పేవాళ్లు ఒక సంగతి గమనించాలి. ఆగిన గంటకు ఖర్చు ఇప్పుడు కూడా ఉంది, దాన్ని తగ్గించగల శక్తి లేని మనిషి భరిస్తున్నాడు, అంతే. డాకులు ఎన్ని ఉండాలో, మనుషులను ఎందరిని పెట్టుకోవాలో, బండ్లకు ఏ సమయం ఇవ్వాలో నిర్ణయించేది గోదాము యాజమాన్యం. ఆ గంటకు బిల్లు వాళ్ల బల్ల మీదికి వచ్చిన రోజున వరుసలు వాటంతటవే చిన్నవవుతాయి. అందుకోసం ముందుగా రావలసిన మార్పు చాలా చిన్నది. గేటుకు వచ్చిన సమయం, గేటు దాటి బయటికి వెళ్లిన సమయం రసీదు మీద ముద్ర వేయడం తప్పనిసరి కావాలి, ఆ ముద్రే హాల్టింగ్‌కు రుజువు కావాలి, వచ్చిన హాల్టింగ్‌లో డ్రైవరు వాటా ఒప్పందంలోనే రాసి ఉండాలి. అది వచ్చేదాకా డ్రైవర్లకు నేను చెప్పేది ఒకటుంది. గేటు బోర్డు, మీ బండి నంబరు రెండూ కనబడేలా ఫోనులో ఫొటో తీయండి, ఫోనులో తేదీ, సమయం, లొకేషన్ నమోదయ్యేలా పెట్టుకోండి, డాకు ఇచ్చినప్పుడు మరొకటి, బయటికి వచ్చేటప్పుడు ఇంకొకటి తీయండి, ఆ మూడింటినీ అదే రోజు ఆఫీసుకు పంపి, మీ దగ్గర కూడా ఉంచుకోండి. లెక్క చూసేవాళ్లు మీ పక్షాన మాట్లాడాలన్నా మా చేతిలో కాగితం ఉండాలి.